శబ్దం వస్తోంది, బొమ్మ రావడం లేదు

బహుళ దశమి

మడదిబ్బ ఊరి కంప్యూటర్ల లాగ్. రాస్తున్నది నూకరత్నం, వాటిని చూసుకునే మనిషి. నాకు ముందు ఈ పని చేసిన పెద్దాయన రోజూ "అంతా బాగుంది" అని రెండు ముక్కలు రాసి ఊరుకునేవాడు. బాగోని రోజు కూడా అదే రాసేవాడు. నాకది చేతకాదు. నోరు కట్టేసుకోవడం అంతకన్నా చేతకాదు.

ఈ రోజు కడుగుడు. ఏటా తుఫాన్ల కాలానికి ముందు ఊళ్ళో ప్రతి మెషీన్‌నీ విప్పి, దుమ్ము దులిపి, లోపల మూసిన ప్రోగ్రాం ఏదైనా కనిపిస్తే తుడిచేస్తాం. మూసిన ప్రోగ్రాం అంటే లోపల ఏం రాసుందో మనకు చూపించనిది. మా పంపులు ఒకప్పుడు అలాంటి దానితోనే నడిచేవి. లైసెన్సు గడువు తీరిందని ఒక పోటు వేళ వాటంతట అవే ఆగిపోయాయి. మా దిబ్బ పోటు నీటి మట్టానికి కిందే ఉంటుంది. చుట్టూ కట్ట ఉన్నా అడుగు నుంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, నాలుగు పంపులూ తోడి పోస్తుంటేనే ఇళ్ళు నిలుస్తాయి. ఆ పూట బంగారయ్య బాబాయి ఇల్లు పోయింది, ఇంట్లో ఉన్న పిన్నీ పోయింది. అప్పటినుంచి ఊరందరూ వాడేది అందరూ కలిసి రాసుకున్న తెరిచిన సిస్టమే. కడుగుడు ఆయన పెట్టిన కట్టుబాటు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు, కాదనాలనీ లేదు.

ఈ ఏడాది ఊరంతా వెతికితే ఒక్క మూసిన ప్రోగ్రాం దొరికింది, అది కూడా నా మెషీన్‌లోనే. గట్టు అవతలి వాళ్ళ సీరియళ్ళు చూసుకోవడానికి దాచుకున్న వీడియో ప్లేయరు.

"ఏమే రత్నం, దొంగ ఇంట్లోనే ఉందా," అన్నాడు బాబాయి. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు.

"తుడిచేత్తన్నా కదా బాబాయ్, ఇంక సాధించకు," అన్నాను.

మా తుడుపు మామూలుగా ఉండదు. తీసేసిన చోట మళ్ళీ మళ్ళీ సున్నాలు నింపుతాం, ఎవరూ తిరిగి లాగకుండా. తరువాత మెషీన్‌కి బొట్టు పెట్టాం, బెల్లం పంచాం. సీరియల్లో ఆ పిల్లకి పెళ్ళయిందో లేదో ఇంక నాకు తెలీదు.

బహుళ ఏకాదశి

గట్టు సంస్థ నుంచి నోటీసు వచ్చింది. తమ్ముడి విచారణ అమావాస్య పొద్దున.

గట్టు అంటే సముద్రం పైకొచ్చాక మెరక వాళ్ళు కట్టుకున్న పెద్ద కట్ట. దాని వెనక వాళ్ళ పొలాలూ పట్నాలూ, ముందు మేమూ మా మడ అడవీ. తమ్ముడు పోలిరాజు ఆ గట్టుకున్న లాకుల్లో ఒకదానికి కాపలాదారు. పడవలు వస్తే తలుపు తెరుస్తాడు, పోయాక మూస్తాడు. మొన్న పున్నమి ముందు పోటు వేళ తెరవకూడనప్పుడు తలుపు తెరిచాడనీ, ఉప్పునీళ్ళు వరి నారుమళ్ళ మీద పడ్డాయనీ పట్టుకుపోయారు. తప్పు రుజువైతే మెరక క్యాంపుకి పంపుతారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఏళ్ళకేళ్ళు నీటి మొహం చూడరు, మమ్మల్ని కలవనివ్వరు.

వాడు తెరిచాడో లేదో నాకు తెలీదు. అడుగుదామంటే కలవనివ్వలేదు. పోలిరాజుకి పుట్టుకతో చెవుడు, మాట లేదు. బడి గట్టు మీద ఉంది, వాడిని చేర్చుకోలేదు, అందుకని అక్షరాలూ రావు. వాడికున్నది చేతి మాట. మా దిబ్బ మీద అందరికీ వచ్చు, నీటి మీద గాలికి అరిచినా వినపడదు కాబట్టి పడవల నుంచి చేతులతోనే మాట్లాడుకుంటాం. గట్టు వాళ్ళ దుబాసీకి అది రాదు. అందుకని నోటీసులో వాడి మాట చెప్పే మనిషిగా నా పేరు రాశారు. ఇక్కడి నుంచే, బ్రౌజర్‌లో.

పేజీ తెరిచాను. "మీ సిస్టమ్‌కు, మీ బ్రౌజర్‌కు ఈ పేజీలో మద్దతు లేదు. శబ్దం మాత్రమే అందుబాటులో ఉంటుంది" అని వచ్చింది.

సాయం నంబరుకి చేశాను. ఎవరో కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"సౌండ్ వస్తుంది కదండీ, సరిపోతుంది."

"మా తమ్ముడు మాట్లాడేది చేతులతో బాబూ. సౌండ్‌లో ఏం వత్తది?"

"అయితే సపోర్ట్ ఉన్న మెషీన్ నుంచి జాయిన్ అవ్వండి మేడం."

"అది ఎక్కడ దొరుకుద్ది?"

"గట్టు నివాస కార్డు ఉన్నవాళ్ళకి ఇస్తారండి."

ఫోన్ పెట్టేశాక దాన్ని తిట్టాను. కుర్రాణ్ణి కాదు, ఫోన్‌ని.

బహుళ ద్వాదశి

ప్రతి బ్రౌజరూ పేజీ గుమ్మం దగ్గర తన పేరూ తన సిస్టమ్ పేరూ చెప్పుకుంటుంది. ఈ రోజు మా దాని చేత అబద్ధం చెప్పించాను, గట్టు వాళ్ళ మెషీన్‌నని చెప్పమన్నాను. పేజీ నమ్మింది. లోపలికి రానిచ్చింది. అక్కడొక పరీక్ష వీడియో ఉంది. మాట చక్కగా వినిపిస్తోంది, బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి పలక.

కారణం నాకు వెంటనే తెలిసింది. గట్టు వాళ్ళు వీడియోని మడతలు పెట్టి చిన్నది చేసి పంపుతారు. ఆ మడత విప్పే విద్యని కోడెక్ అంటారు. వాళ్ళ కోడెక్ వాళ్ళ మూసిన ప్లేయర్‌లోనే ఉంటుంది. దశమి నాడు బొట్టు పెట్టి, బెల్లం పంచి మరీ నేను తుడిచింది దాన్నే.

బాబాయి దగ్గరికి వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్నాడు. సంగతంతా చెప్పి, ఎక్కడైనా ఆ ప్లేయరు దొరికితే ఒక్క మెషీన్‌లో పెట్టుకోనిమ్మని అడిగాను.

"ఒక్క మెషీనేనా? అది ఊరి వైరుకి తగులుకునే ఉంటది గదే. పంపులూ ఆ వైరు మీదే."

"వైరు పీకేత్తాను."

"పీకితే విచారణ ఎట్టా వత్తది?"

నాకు కోపం వచ్చింది. "పిన్ని పోయిందని ఇప్పుడు తమ్ముణ్ణి కూడా పోగొట్టమంటావా," అనేశాను. అనకుండా ఉండాల్సింది. ఆయన చేతిలోని వల పక్కన పెట్టాడు.

"వాడు నా చేతుల్లో పెరిగాడే," అన్నాడు. "కానీ రత్నం, ఆ పూట పంపులు ఆగినప్పుడు వాటిని మళ్ళీ నడిపించే దారి మనకెవరికీ తెలీలేదు. లోపలేముందో చూడనివ్వలేదు. అది నేను మళ్ళీ చూడలేను."

ఇంతకీ మేం వాదించుకున్నది లేని దాని కోసం. ఆ ప్లేయరు మళ్ళీ దించుకోవాలన్నా నివాస కార్డు కావాలట. సాయంత్రం తెలిసింది.

బహుళ త్రయోదశి

పొద్దెక్కగానే, సోలార్ పలకల మీద ఎండ పడి నా మెషీన్ లేవగానే, రేడియోలో షకీనాని పిలిచాను. తూర్పున ఉప్పుదిబ్బలో మెషీన్లు చూసేది ఆవిడే. ఇద్దరం ఒకరినొకరం వదినా అనుకుంటాం, ఎవరికి ఎవరు వదినో ఎప్పుడూ తేలలేదు.

"గట్టోళ్ళ మడతల్ని విప్పే తెరిచిన ప్రోగ్రాం ఒకటి ఉంది వదినా," అంది. "లోపల చూడకుండా, బయటికొచ్చేది చూసి ఊహించి రాశారు. మావోళ్ళు ఇద్దరు దాని మీద ఏళ్ళు కూర్చున్నారు. నడుత్తది. కానీ నిదానం."

"ఎంత నిదానం?"

"నువ్వే చూడు. ముందే చెబితే ఏడుత్తావ్."

పంపింది. రాసింది రాసినట్టు అక్షరాలుగా వచ్చింది, మా మెషీన్ మీద దాన్ని నడిచే ప్రోగ్రాంగా కట్టుకోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. రెండుసార్లు మధ్యలో తెగింది. దానికి కావలసిన ఏదో లైబ్రరీ, అంటే తోడు ప్రోగ్రాం, పాతదని గోల. నేను గోల చేయలేదని ఎవరైనా అంటే అది అబద్ధం.

పరీక్ష వీడియో పెట్టాను. బొమ్మ వచ్చింది. నిజంగా వచ్చింది. ఒకాయన గ్లాసు పట్టుకుని నవ్వుతున్నాడు. "మీ మెషీన్ సిద్ధంగా ఉంది" అని మాట వినిపించేసింది, ఆయన మాత్రం ఇంకా గ్లాసుతో నవ్వుతూనే ఉన్నాడు. నేను చూస్తూ కూర్చుంటే గ్లాసు మూతి దగ్గరికి వచ్చింది. మళ్ళీ చాలాసేపటికి గ్లాసు ఖాళీ. మధ్యలో తాగడం లేదు.

బొమ్మలు గీసే చిప్‌ మెషీన్‌లో ఉంది, కానీ దాన్ని ఈ పనికి వాడుకునే దారి తయారీదారు మూసేశాడు. అందుకని మడతలన్నీ మామూలు ప్రాసెసరే ఒక్కొక్కటిగా విప్పుకోవాలి. షకీనా చెప్పింది నిజమే, ఏడిచాను. పోలిరాజు చేతులు గాలిలో పిట్టల్లా తిరుగుతాయి. ఈ నడకకి వాడి మాటల్లో ఒకటి దొరుకుతుంది, మిగిలినవి ఖాళీ గ్లాసే.

బహుళ చతుర్దశి

పొద్దున కట్ట మీద నిలబడి ఉంటే అవతల కాలవ చివర ఒక పడవ, అందులో ఎవరో ఆడమనిషి ఇటు వైపు చెయ్యి ఎత్తి ఉంచింది. మా వైపు నుంచి ఒకామె అరచెయ్యి చూపించింది. అప్పుడు పడవలోని ఆమె చేత్తో ఇంకో గుర్తు పట్టింది, పట్టి అలాగే ఉంచింది. పుట్టినప్పటినుంచి రోజూ చూసేదే. ఈ రోజు చూసి అక్కడే కట్ట మీద కూర్చుండిపోయాను.

అది దూరపు మాట. పడవలు బాగా ఎడంగా ఉన్నప్పుడు, మంచు పట్టినప్పుడు అలా మాట్లాడతాం. ఒక్క గుర్తు పట్టి, అవతలివాళ్ళు "అందింది" అని అరచెయ్యి ఎత్తేదాకా కదలకుండా ఉంచాలి. అరచెయ్యి కనబడకుండా చెయ్యి దించడం మాలో పెద్ద అమర్యాద, నడి మాటలో మొహం తిప్పుకున్నట్టు. మా అమ్మ నన్నూ తమ్ముణ్ణీ కాలవకి చెరో వైపు నిలబెట్టి నేర్పింది. చేతులు నొప్పి పుట్టి వాడు దించేస్తే మళ్ళీ మొదటినుంచి చెప్పించేది.

గుర్తు కదలకుండా ఉంటే ఎంత నిదానం బొమ్మైనా పట్టుకుంటుంది. నా బొమ్మ వాడికి ఎలాగూ చేరుతుంది, నేను పంపేది వాళ్ళ మెషీన్ విప్పుకోగలదు. నేను అరచెయ్యి ఎత్తి నిలబెడితే వాడికి అర్థం కావాలి. అర్థం కాకపోతే ఏం చేయాలో నాకు తెలీదు.

ఇంకొక చిక్కు. విచారణకి అరగంటే ఇస్తారట. దూరపు మాటతో అరగంటలో ఎన్ని మాటలు? అందుకని షకీనాతో మాట్లాడి ప్రోగ్రాంలో ఇంకో ఏర్పాటు చేశాను. ఊరి వైరు మీద ఉన్న ఏ మెషీన్ చేయి కలిపినా మడతల్లో కొన్ని దానికి ఇచ్చి విప్పిస్తుంది. ఇళ్ళలోని మెషీన్లు ముసలివి, ఉన్నా లేకున్నా ఒకటే. గట్టి మెషీన్లు నాలుగే, పంపుల దగ్గర ఉన్నవి, వాటిని కలపాలంటే పంపుల గదిలోకి వెళ్ళి మీట నొక్కాలి.

మళ్ళీ బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఈసారి నెమ్మదిగా అడిగాను.

"రేపు అమావాస్య పోటు," అన్నాడు. "నెలలో పెద్దది. ఆ వేళకి పంపులాపమంటావా."

"ఆపమనట్లేదు. రెండు పనులూ చేత్తాయేమో చూద్దాం."

"చెయ్యకపోతే?"

పంపుల గది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. దాన్ని పట్టుకుని తడుముతూ కూర్చున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, అదే నాకు ఇంకా భయంగా ఉంది.

అమావాస్య

పోటు దిగాక రాస్తున్నాను. నేల ఇంకా తడిగానే ఉంది, తొందరలో తప్పులుంటే ఉండనీ.

పొద్దున బాబాయి వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. పేజీ తెరుచుకుంది. శబ్దం ముందు వచ్చింది. విచారణాధికారి ఆడగొంతు, గట్టిగా, తొణక్కుండా.

"పోలిరాజు గారి మాట చెప్పేది ఎవరు?"

"అక్కనండి. నూకరత్నం."

"ఆయన చెప్పింది మాత్రమే చెప్పండి. మీ మాట కలపకూడదు."

"ఆయ్, అలాగేనండి."

బొమ్మ వచ్చింది. తమ్ముడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. ఏం జరిగిందో చెప్పమని అధికారి అడిగింది, నేను చేతులతో అడిగాను. వాడు మొదలెట్టాడు. తెర మీద చేతులు అలికేసినట్టు ఒక మరక, కాసేపటికి ఇంకో మరక. ఏమీ తెలియలేదు. నేను అరచెయ్యి ఎత్తాను, ఎత్తి ఉంచాను. మరక, మరక. భుజం లాగుతోంది. వీడికి తట్టదు, అయిపోయింది అనుకున్నాను.

తరువాతి బొమ్మలో వాడి చేతులు కదలకుండా ఉన్నాయి. రెండు అరచేతులూ ఎదురెదురుగా, తలుపుల్లా. లాకు. నేను అరచెయ్యి చూపించాను. తరువాత వేలు గుండె మీద. నేను. అరచెయ్యి చూపించాను. తరువాత అరచేతులు విడివడ్డాయి. తెరిచాను.

లాకు నేను తెరిచాను. బాబాయి కూడా చూశాడు. అవతల ఉన్నవాళ్ళెవరికీ ఈ మాట రాదు. నేను ఏం చెబితే అదే వాడి మాట. గొంతు దాకా వేరే మాట వచ్చింది, రాలేదని అబద్ధం రాయను. కానీ వాడు అంత దూరంలో చేతులు నిలబెట్టి నమ్మకంగా నా అరచెయ్యి కోసం చూస్తున్నాడు. వాడి నోట్లో నా మాట పెట్టలేకపోయాను.

"లాకు నేనే తెరిచాను," అన్నాను.

అంతే, బొమ్మ ఆగిపోయింది.

"ఒప్పుకున్నట్టు నమోదు చేస్తున్నాం. ఇంకేమైనా ఉందా?" అంది అధికారి.

"ఉందండి, చెబుతున్నాడండి. బొమ్మ ఆగిపోయింది."

"శబ్దం వస్తోంది కదా?"

"శబ్దంలో వాడు లేడండి."

మిగిలిన సమయం వరకు చూస్తామంది ఆమె. ప్రాసెసర్ మొత్తం నిండిపోయి మూలుగుతోంది. తెర మీది కిటికీ చిన్నది చేశాను, శబ్దం తగ్గించాను, ఏమీ మారలేదు. పక్కకి చూస్తే బాబాయి పీట ఖాళీ. చూడలేక వెళ్ళిపోయాడనుకున్నాను. నాకు నిజంగా దుఃఖం వచ్చింది.

కాసేపటికి చెవులకి ఏదో తేడా తెలిసింది. పుట్టినప్పటినుంచి వింటున్న పంపుల రొద లేదు. తెర మీద ఒక వరస వెలిగింది, పంపు మెషీన్ ఒకటి చేయి కలిపింది. తరువాత రెండోది, మూడోది, నాలుగోది. బయట బాబాయి గొంతు, "చేదలు తీయండర్రా, ఇంటికొకరు రండి, తోడండి," అని. నీళ్ళు గడప దాటి నా పాదాల మీదికి చల్లగా వచ్చాయి.

బొమ్మ కదిలింది. ఇప్పుడు వాడు గుర్తు చూపిన వెంటనే అందుతోంది. దీపం. ఎరుపు. లేదు. పడవలు. ఆగి ఉన్నాయి. తెరిచాను.

లాకు దగ్గర ఎర్రదీపం ఉంటుంది. అది వెలిగితే తలుపు ముట్టకూడదు, వెలగకపోతే పడవల్ని వదలాలి. వాడికి ఆ ఉద్యోగం ఇచ్చిందే అందుకని, అక్కడ పని అంతా కంటితోనే కాబట్టి.

"ఎర్రదీపం వెలగలేదు. పడవలు ఆగి ఉన్నాయి. అందుకని తెరిచాను," అన్నాను, ఒక్కో మాటా వాడు పట్టినట్టే.

"సైరన్ మోగించారు. తెరవొద్దని మైకులో పదేపదే చెప్పారు. వినలేదా అని అడగండి."

అడిగాను. వాడు నా వైపు వింతగా చూశాడు, ఈ ప్రశ్న నేను అడుగుతున్నానా అన్నట్టు. చెవి మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వినపడదండి. పుట్టినప్పటినుంచీ." ఆ చివరి మాట నేనే కలిపాను.

తరువాత అధికారి లాకు సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన కూడా అదే పేజీలో ఎక్కడో ఉన్నాడు, ఇంతసేపూ నోరెత్తలేదు.

"ఆ రోజు దీపం వెలిగిందా?"

"బల్బు పోయిందండి. కొత్తది అడిగామండి. ఇంకా రాలేదండి. ఈ లోపు మైకులో చెబుతున్నామండి."

"వినపడని మనిషికి మైకులోనా?"

"అంటే... అందరికీ చెప్పినట్టే ఆయనకీ చెప్పామండి."

నీళ్ళు నా పిక్కల దాకా వచ్చాయి. వైర్లన్నీ అటక మీదే ఉన్నాయి, పర్లేదు. పీట తేలుతూ వచ్చి నా కాలికి తగిలింది.

"ఈ అభియోగం నిలవదు," అంది అధికారి. "పాడ్యమి పడవలో ఆయన్ని ఇంటికి పంపండి. దీపం సంగతి వేరుగా చూస్తాను. విచారణ ముగిసింది."

శబ్దం తెగిపోయింది. పేజీ కాసేపట్లో మూసుకుంటుందని కింద అక్షరాలు వచ్చాయి. తెర మీద తమ్ముడు ఇంకా నా వైపే చూస్తున్నాడు. వాడికి తీర్పు వినపడలేదు. ఎవరూ చెప్పలేదు వాడికి.

రెండు చేతుల వేళ్ళూ కలిపి తల పైన కప్పులా పట్టాను. ఇల్లు. మాలో ఇంటికి రా అన్నా అదే. పట్టి ఉంచాను. మళ్ళీ బొమ్మ ఆగింది, వాడి కళ్ళు సగం మూసి ఉన్న చోట.

"అయిందా రత్నం, పంపులెయ్యనా?" పంపుల గది నుంచి బాబాయి కేక.

"ఆగు బాబాయ్."

"నీళ్ళు అరుగులెక్కాయే."

"ఆడికింకా అందలేదు."

పంపులు వేసేస్తాడేమోనని నాకు భయమేసింది. బయట ఆయన గొంతే, నెమ్మదిగా, "ఇంకాసేపు తోడండర్రా," అంది. చేదలు మళ్ళీ నీళ్ళలో పడిన చప్పుడు. నా భుజాలు మండుతున్నాయి, మోకాళ్ళ దాకా నీళ్ళు, బొమ్మ అలాగే ఉంది. అమ్మ ఉంటే చేతులు దించనిచ్చేది కాదు.

బొమ్మ మారింది. తమ్ముడి అరచెయ్యి తెరంతా నిండి ఉంది, కెమెరాకి ఆనించేసినట్టు పెట్టాడు, గీతలు కూడా కనబడుతున్నాయి.

అప్పుడు చేతులు దించి, పంపులు వెయ్యమని కేకేశాను.